ఛాంపియన్ శనివారం

లింగమూర్తి తన ముఖాన్ని అంత పెద్దగా ఏనాడూ చూసుకోలేదు. చౌరస్తాలో ఆటోలు ఆగే చోట, ఇనుప చట్రానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఉన్నది తానేనని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. ముఖం నలుపు తగ్గించారు. ఎడమ చెంప మీది మచ్చ తీసేశారు. మెడ కింద నుంచి ఉన్న ఒళ్ళు తనది కాదు. కోటు తొడుక్కున్న ఎవరి ఒంటి మీదనో తన తలకాయ తెచ్చి పెట్టారు. వెనక మంటలు. పక్కన నోరు తెరిచిన పులి. పైన పెద్ద అక్షరాల్లో 'మా రియల్ హీరో' అని ఉంది. కింద 'ప్రాణాలకు తెగించి తోటి డ్రైవర్‌ను కాపాడిన లెజెండ్ శ్రీ లింగమూర్తి గారికి అభినందనలు' అని ఉంది. ఒక మూలన చేతులు కట్టుకుని మేనేజర్ వేణుమాధవ్ నవ్వుతున్నాడు.

నోట్లో చేదు ఊరింది. ఉమ్మేద్దామంటే చుట్టూ జనం. మింగేశాడు.

"ఓ కాకా, నువ్వేనా గిది?" ఆటోలోంచి ఒకడు తల బయటపెట్టి అరిచాడు. "పులి పక్కకు పులోలెనే ఉన్నవ్ గద! దా, ఒక్క సెల్ఫీ దిగుదాం."

మాట్లాడటం లింగమూర్తికి మొదటి నుంచీ తక్కువే. ఊళ్ళో ఉన్నప్పుడు ఎడ్లతోనే నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడేవాడు. ఆ నోరు మెదపని గుణమే ఈసారి మెడకు చుట్టుకుంది.

కమాన్‌పూర్ దిక్కు అతనికి రెండు ముక్కల చేను ఉండేది. బొగ్గు కోసం తవ్వే తవ్వకంలో అది పోయింది. భూములు పోయినవాళ్ళకు మట్టి ఎత్తే కాంట్రాక్టు కంపెనీలో పని ఇచ్చారు. వయసు పోరగాళ్ళు టిప్పర్లు నేర్చుకున్నారు. లింగమూర్తి డంప్‌మన్ అయ్యాడు. బొగ్గు మీదున్న మట్టినంతా టిప్పర్లలో తెచ్చి ఒకచోట గుట్టలుగా పోస్తారు. ఆ గుట్ట మీద నిలబడి టిప్పర్లను అంచు దాకా వెనక్కి రప్పించి మట్టి దింపించడం అతని పని. దుమ్ములో డ్రైవర్లకు అద్దాల్లో ఏమీ కనిపించదు. చెవులతోనే నడపాలి. లింగమూర్తి ఈల మోగుతున్నంత సేపు వెనక్కి రావచ్చు. ఈల ఆగిందంటే ఆగిపోవాలి. అంచున చక్రాన్ని ఆపేటంత ఎత్తు మట్టి కట్ట ఉండాలి. పోసిన మట్టి జారి కట్ట చెదిరితే డోజర్ వచ్చి సరిచేసే దాకా అతను ఈల నోట పెట్టేవాడు కాదు. వెనక ఎన్ని టిప్పర్లు హారన్లు కొట్టినా చెవిటివాడిలా నిలబడేవాడు.

వేణుమాధవ్ పోయిన వానాకాలం హైదరాబాద్ నుంచి మేనేజర్‌గా వచ్చాడు. అతనితో పాటే మాటలు వచ్చాయి. వారంలో అందరికన్నా ఎక్కువ ట్రిప్పులు కొట్టినవాడు ఛాంపియన్. రెండోవాడు స్టార్. రాత్రి షిఫ్టులో ఎక్కువ కొడితే టైగర్. డీజిల్ తక్కువ తాగిస్తే టాపర్. సెలవు పెట్టకపోతే రాక్‌స్టార్. విడవకుండా మూడు వారాలు ఛాంపియన్ అయినవాడు లెజెండ్. ఒక్కో మాటకు ఒక్కో రంగు టీషర్టు. క్యాంటీన్ గోడకు పెద్ద బోర్డు పెట్టారు. అందరికన్నా తక్కువ కొట్టినవాడి పేరు పక్కన మాట ఏమీ ఉండదు, కోడిగుడ్డు బొమ్మ ఉంటుంది. గుడ్డు వచ్చినవాడు ఆ వారమంతా క్యాంటీన్‌లో తల దించుకుని తినేవాడు.

నిజానికి ఆ మాటలు లింగమూర్తికి కొత్త కావు. గోదావరిఖనిలో ఏ గోడ చూసినా అవే. ప్రైవేటు బడి పిల్లలందరూ టాపర్లు. జిమ్ముకు పోయేవాళ్ళంతా ఛాంపియన్లు. బిర్యానీ అమ్మేవాడు కింగ్. పుట్టినరోజు చేసుకున్న ప్రతి గల్లీ పోరడూ హీరో, పోయినవాడు లెజెండ్. అందరి చేతులూ పట్టుకుని జిడ్డెక్కిన బస్సు కడ్డీలాగా ఉంటాయి అతనికా మాటలు. ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది. వాళ్ళ ఊళ్ళో నాగలి చక్కగా పట్టేవాడిని ఎవరూ పొగిడేవారు కాదు. విత్తనాలు వేసేనాడు మొదటి సాలు తోలిపొమ్మని పిలిచేవారు. అతను వచ్చి తోలి, చాయ తాగి, తన చేనుకు తాను పోయేవాడు. అంతటితో అయిపోయేది.

కిషన్ ఆ ఊరివాడే. లింగమూర్తికి వరుసకు కొడుకు. టిప్పర్‌ను లేగదూడను తోలినట్టు తోలేవాడు. అలాంటివాడికి ఆ పసుపుపచ్చ టీషర్టు పట్టుకుంది. ఛాంపియన్ అని వీపు మీద రాసి ఉన్న ఆ గుడ్డను పెళ్ళికి కూడా తొడుక్కుని పోయాడు. రెండు వారాలు వరుసగా అతనే ఛాంపియన్. మూడో వారం శుక్రవారం నాడు డంప్ మీద టిప్పర్ ఆపి కిటికీలోంచి చెప్పాడు.

"కాకా, రేపు గట్టిగ కొడితే లెజెండే ఇగ. బోర్డు మీద ఫోటో ఏస్తరట."

"ఫోటోకేందిరా కొడుకా? ఇంట్ల అద్దం లేదా?"

"నీకు గివన్ని సమజ్ కావు తియ్యి."

వెనక టిప్పర్‌లోంచి జైపాల్ అరిచాడు. "కిషనన్నా, నువ్వు జల్ది లెజెండయి పక్కకు జరుగు! నేనన్న ఛాంపియన్ అయిత. నా పెండ్లాం గుడ్డు జూసి రోజు నవ్వుతున్నది."

తెల్లారి శనివారం. ఆ రోజుకు వేణుమాధవ్ 'ఛాంపియన్ డే' అని పేరు పెట్టాడు. పొద్దున్నే జీపులో వచ్చి లింగమూర్తి చేతిలో ఒక పచ్చ జెండా పెట్టాడు.

"ఏయ్ డంప్‌మన్, నువ్వు ఇవ్వాళ కింద మలుపు దగ్గర ఉండు. బండ్లు స్లో కాకుండా జెండా ఊపుతూ ఉండు. డంప్ మీద నీ ఈల కోసం ప్రతి బండీ వెయిటింగే. అదంతా టైమ్ వేస్ట్."

"మరి డంప్ మీద ఎవలుంటరు సార్? కట్ట జారుతాంది."

"వాళ్ళు ఛాంపియన్లయ్యా! ఛాంపియన్లకు ఈల వేసి నేర్పిస్తావా?"

లింగమూర్తి జెండా పట్టుకుని మలుపు దగ్గరికి నడిచాడు. అక్కడి నుంచి డంప్ కనిపించదు. మట్టిగుట్ట నడుము మాత్రమే కనిపిస్తుంది. మధ్యాహ్నం దాకా టిప్పర్లు దుమ్ము లేపుకుంటూ అతని ముందు నుంచి పోతూనే ఉన్నాయి. కిషన్ వచ్చినప్పుడల్లా చెయ్యి పైకెత్తి చూపించేవాడు. అన్నం వేళ దాటాక గుట్ట మీద నుంచి ఈలలు వినిపించాయి. ఒకటి కాదు, నాలుగైదు. తన ఈల తన మెడలోనే ఉంది. అక్కడ ఈల ఎవరిది? లింగమూర్తి జెండా పారేసి పరుగెత్తాడు. ఎక్కుడు తోవ సగం కాకముందే ఈలలు ఆగి కేకలు మొదలయ్యాయి.

అతను చేరేసరికి టిప్పర్ గుట్ట కింద, చక్రాలు పైకి పెట్టుకుని పడి ఉంది. జైపాల్, ఇంకో ఇద్దరు అప్పటికే జారుకుంటూ దిగి క్యాబిన్‌లోంచి కిషన్‌ను లాగుతున్నారు. లింగమూర్తి అందరికన్నా ఆఖరున దిగాడు. తన చేతికి అందిన కాలును పట్టుకున్నాడు. పట్టుకున్నది కాలులాగా లేదు. తడిసిన గోనెసంచిలాగా మెత్తగా, ఎటు వంచితే అటు వంగింది. ఆ మెత్తదనం ఇప్పటికీ అరచేతిలో ఉంది. అన్నం కలుపుతుంటే గుర్తుకొస్తుంది.

ఆదివారం వేణుమాధవ్ ఆఫీసుకు పిలిపించాడు. "లింగమూర్తి గారూ, కూర్చోండి" అన్నాడు. 'గారు' అనడం అదే మొదలు. గాజు కప్పులో చాయ తెప్పించాడు.

"చూడండి, జరిగింది జరిగింది. ప్రమాదం మీద విచారణ చెయ్యడానికి వచ్చే వారం సేఫ్టీ ఆఫీసర్ వస్తారు. మీరు డంప్ మీదే ఉన్నారు. ఆగమని ఈల వేశారు. అతను వినలేదు. మీరు ప్రాణాలకు తెగించి దూకి కాపాడారు. అంతే. మీ పేరు పేపర్‌లో వస్తుంది. మిమ్మల్ని స్టార్‌ను చేస్తాం."

ఆగమని ఈల వెయ్యడం అనేదే లేదు, ఈల ఆపడమే ఆగమనడం. ఇన్ని నెలలు ఆ గుట్ట మీదికి జీపులో వచ్చిపోయిన మనిషికి ఆ ముక్క కూడా తెలియదు. లింగమూర్తి ఆ మాట చెప్పలేదు. ఏ మాటా చెప్పలేదు. చేను ఎటూ పోయింది, ఈ కొలువూ పోతే అన్న భయం నాలుకను పట్టుకుంది. చాయ కప్పు ముట్టుకోకుండా లేచాడు.

"గుడ్" అన్నాడు వేణుమాధవ్. ఊరుకున్నాడంటే ఒప్పుకున్నాడనే లెక్క వేసుకున్నాడు. మూడు రోజులు తిరక్కముందే ఫ్లెక్సీ లేచింది.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ కిందనే, ఆటోలు ఆగే చోట, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో నీళ్ళ సీసాతో రాజకుమారి నిలబడి ఉంది. కిషన్ పెళ్ళాం. ఎంతసేపటి నుంచి చూస్తోందో. తల ఎత్తి ఫ్లెక్సీని, తల దించి లింగమూర్తిని చూసింది.

"మంచిగున్నది మామా. కోటు కూడ ఏసిండ్రు."

"దవాఖానకేనా బిడ్డా?"

"యాడికి పోత మరి? నీ పెద్ద ఫోటో ఉన్నదంటె జూద్దామని దిగిన." గొంతు తగ్గించింది. తగ్గించాక మాట మరీ పదునెక్కింది. "తప్పంత ఆయనదే అని రాస్తరట. తప్పు ఆయనదైతె దవాఖాన ఖర్సు తమకు సంబంధం లేదట, కొలువు లేదట. కాలు తీసిన మనిషిని పట్టుకొని ఇంటికి పొమ్మంటున్నరు. నువ్వు ఈల ఏస్తె ఇనలేదని నువ్వే చెప్పినవట గద?"

"నేను చెప్పలే."

"చెప్పలేదని చెప్పినవా మరి?"

ఆటో వచ్చింది. ఆమె ఎక్కి కూర్చుంది. అతను ఆటో కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడి, తానూ ఎక్కాడు.

దవాఖానలో కిషన్ మంచం మీద దుప్పటి ఒక పక్క మోకాలి దగ్గరే పడిపోయి చదునుగా ఉంది. మందుల వాసన, కింద కడిగిన ఫినాయిల్ వాసన. కిషన్ కళ్ళు గుంటలు పడ్డాయి. లింగమూర్తిని చూసి లేవబోయాడు.

"పండు కొడుకా, పండు."

"కాకా, ఫోన్ల ఒర్రుతున్నరు, నువ్వు నన్ను ఎత్తుకొని పైకి తెచ్చినవట?" నవ్వబోయి ఆగాడు. "జైపాల్ చెప్పిండు తియ్యి, నువ్వు ఆఖరికి వచ్చినవని."

"ఎట్ల పోయినవురా అట్ల? అంచు కనవడలేదా?"

"నువ్వు మలుపు కాడ ఉన్నవని ఎరుకనే కాకా. పొద్దటి సంది జూస్తనే ఉన్న. కని ఎనుకకు వస్తుంటె ఈల ఇనవడ్డది. ఈల మోగుతుంటె రావాలె గద. చెవు ఇన్నది, కాలు ఒత్తింది. నువ్వు లేవన్న సంగతి మతికి రాలే."

"ఈల ఎవలు ఏసిండ్రు?"

"మనోళ్ళే. ఎనక లైన్ల ఉన్నోళ్ళందరు దిగి, లెజెండ్ లెజెండ్ అనుకుంట, నోట్ల ఏళ్ళు వెట్టి ఏసిండ్రు. నా కోసమే ఏసిండ్రు పాపం."

లింగమూర్తి గోడ పట్టుకుని వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. పొగడ్త ఈల వేసి మనిషిని మట్టిలోకి తోశారు. ఇప్పుడు ఆ తోసిన నోళ్ళతోనే తనను పొగుడుతున్నారు.

ఇంట్లో పెళ్ళాం సారవ్వ ఫోన్ చెవికి పెట్టుకునే అన్నం వడ్డించింది. "ఇగో, ఇప్పుడే వచ్చిండు మా హీరో" అని ఫోన్‌లో చెప్పి పెట్టేసింది. "మా తమ్ముడు నీ ఫోటో స్టేటస్ పెట్టుకున్నడయ్యా. గోలేటి నుంచి మా చిన్నమ్మ కూడ ఫోన్ చేసింది. ఎన్నడన్న చేసిందా?"

"పులెందుకే పక్కకు?"

"ఉంటె ఏమాయె? మంచిగనే ఉన్నది పులి."

"నేను గక్కడ లేనే సారవ్వా. కింద మలుపు కాడ జెండా ఊపుకుంట నిలబడ్డ."

సారవ్వ గరిటె గిన్నెలో పెట్టింది. "లేకుంటె లేవు. చెడ్డ పేరు వెడుతున్నరా? మంచి పేరే ఇస్తున్నరు గద. ఊకుండరాదు? చేనున్నదా దున్నుకొని బతుక?"

"మంచి పేరు నాకు. చెడ్డ పేరు కిషన్‌కు. రెండు ఒక్కతాన్నే తయారైనయ్."

ఆమె కంచం వైపు చూసింది. అతను కలిపిన ముద్దను తిరిగి కంచంలోనే పెట్టేశాడు.

శనివారం సాయంత్రం కంపెనీ క్యాంపులో సన్మానం. స్టేజీ వేశారు, డీజే పెట్టారు, హైదరాబాద్ నుంచి మాటకారి పిల్లవాణ్ణొకణ్ణి మైకు పట్టుకోవడానికి తెప్పించారు. ముందు వరుసల్లో రంగురంగుల టీషర్టుల్లో డ్రైవర్లు కూర్చున్నారు. ఆ వారం పసుపుపచ్చ టీషర్టు జైపాల్ ఒంటి మీద ఉంది. ఒక మనిషి గుట్ట కింద పడ్డ వారంలో కూడా ట్రిప్పుల లెక్క ఆగలేదు.

లింగమూర్తి వచ్చేటప్పుడే గట్టిగా అనుకుని వచ్చాడు. అందరి ముందూ చెప్పేస్తే అయిపోతుంది. దాచడానికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. అందుకే శాలువా కప్పుతుంటే కప్పించుకున్నాడు. దండ వేస్తే వేయించుకున్నాడు. వేణుమాధవ్ ఒక లడ్డూ తెచ్చి, కెమెరా వైపు తిరిగి నవ్వుతూ, అతని నోట్లో కుక్కాడు. నెయ్యి వాసన ముక్కులోకి కొట్టింది. నమలలేదు. అరచేతిలోకి ఉమ్మేసుకుని, మైకు అందుకున్నాడు.

"నేను డంప్ మీద లేను" అన్నాడు. తన గొంతు నాలుగు దిక్కుల నుంచి తనకే పెద్దగా వినిపించింది. "మేనేజర్ సార్ నన్ను మలుపు కాడ నిలవెట్టిండు. నేను ఎవలను కాపాడలే. ఆఖరికి వచ్చిన."

వేణుమాధవ్ నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళు మైకు పిల్లవాడి వైపు తిరిగాయి. ఆ పిల్లవాడు ఎగిరి ముందుకొచ్చాడు.

"విన్నారా ఫ్రెండ్స్! ఎంత సింప్లిసిటీ! ప్రాణం పోసి కూడా 'నేను లేను, నేనేం చెయ్యలేదు' అంటున్నారు! దీన్నే అంటారు లెజెండ్ అని! గట్టిగా చప్పట్లు!"

చప్పట్లు మోగాయి.

"కిషన్ తప్పు లేదు!" లింగమూర్తి గొంతు పెంచాడు. ఊళ్ళో ఎడ్లను అదిలించాక ఇంత గట్టిగా అరవడం ఇదే. "ఈల ఏసింది నేను కాదు..."

"తప్పు చేసినవాణ్ణి కూడా క్షమించే గుండె! గోల్డెన్ హార్ట్! సూపర్‌స్టార్ లింగమూర్తి గారు!"

డీజే పెద్దగా లేచింది. వెనక వరుసల్లోంచి ఈలలు మొదలయ్యాయి. నోట్లో వేళ్ళు పెట్టి, ఊపిరి బిగబట్టి, పోటీలు పడి వేస్తున్నారు. అవే ఈలలు. లింగమూర్తి కాళ్ళు తమంతట తామే ఒక అడుగు వెనక్కి వేశాయి. ఇంకో అడుగు వేస్తే స్టేజీ అంచు. ఎవరో నడుము పట్టుకుని ఆపి, "జాగ్రత్త హీరో" అని నవ్వారు.

అతను దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. మెట్లు దిగి, జనరేటర్ వెనక్కి పోయి, వంగి వాంతి చేసుకున్నాడు. కడుపులో ఏమీ లేదు. పసరు వచ్చింది. తల ఎత్తేసరికి జైపాల్ నీళ్ళ సీసా పట్టుకుని ఉన్నాడు.

"పుక్కిలించు కాకా."

లింగమూర్తి సీసా అందుకోలేదు. "నువ్వు ఏసినవా ఈల, ఆ రోజు?"

జైపాల్ పసుపుపచ్చ టీషర్టు అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. డీజే చప్పుడులో అతని మాట సగమే వినిపించింది. "అందరం ఏసినం."

"సోమారం విచారణకు వస్తవా?"

"నాకు చిన్న పిల్లగాళ్ళున్నరు కాకా."

"కిషన్‌కు?"

జైపాల్ సీసా నేల మీద పెట్టి, జనంలోకి పోయాడు.

సోమవారం సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు. ఎడ్వర్డ్ సార్ అంటారు. నెత్తి మీద తెల్లవెంట్రుకలు, మాట మెల్లగా ఉండే మనిషి. తండ్రి కొత్తగూడెం బొగ్గు బాయిల్లో పనిచేశాడట. రేకుల షెడ్డులో బల్ల ముందు కూర్చున్నాడు. ఒక పక్క వేణుమాధవ్, ఇంకో పక్క డ్రైవర్లు. తలుపు దగ్గర, ఎవరూ పిలవకుండానే వచ్చి, రాజకుమారి నిలబడింది.

"మీరేనా ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది?" అని అడిగాడు ఎడ్వర్డ్.

"తలకాయ నాదే సార్."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎడ్వర్డ్ నవ్వలేదు. "చెప్పండి."

లింగమూర్తి చెప్పాడు. మలుపు, పచ్చ జెండా, 'ఛాంపియన్లకు ఈలెందుకు' అన్న మాట, జారిన కట్ట. తనకు వినిపించిన ఈలలు, తను ఆఖరున దిగడం. ముందే మనసులో పేర్చుకున్నట్టు మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మధ్యలో ఎవరూ చప్పట్లు కొట్టకపోవడం వల్లనేమో, గొంతు పెంచాల్సిన పని పడలేదు.

"సార్, ఆయన షాక్‌లో ఉన్నారు" అన్నాడు వేణుమాధవ్. "మొన్న స్టేజీ మీద కూడా ఇలాగే... చాలా హంబుల్ మనిషి."

"డంప్ మీద ఈల వేసింది ఎవరు మరి?" ఎడ్వర్డ్ డ్రైవర్ల వైపు చూశాడు.

ఎవరూ తల ఎత్తలేదు. ఒకడు గోరు చూసుకుంటున్నాడు. ఒకడు షెడ్డు రేకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు. వీళ్ళందరి వీపుల మీదా ఏదో ఒక గొప్ప మాట రాసి ఉంది. లింగమూర్తికి మళ్ళీ నోట్లో పసరు ఊరింది. ఒక్కడికంటే ఒక్కడికి నోరు లేదు.

తలుపు దగ్గర నుంచి రాజకుమారి మాట్లాడింది. అరవలేదు. "జైపాల్, నీ బిడ్డ పుట్టెంటికలకు మా ఇంటాయన మేక తెచ్చిండు. యాదికున్నదా? గా మేక కూర తిన్నోళ్ళందరు గీడనే ఉన్నరు."

జైపాల్ ముఖం నల్లబడింది. "ఈలలు మేమే ఏసినం సార్" అన్నాడు. "అన్నను పొగుడుదామని ఏసినం. లింగమూర్తి కాక డంప్ మీద లేడు. పొద్దటి సంది లేడు."

తర్వాత ఇంకొకడు అవునన్నాడు. ఆ తర్వాత ఇంకొకడు. మొదటివాడు నోరు విప్పే దాకా రాయిలా ఉన్నవాళ్ళు ఇప్పుడు పోటీ పడి చెప్తున్నారు. అది చూస్తే కూడా లింగమూర్తికి రోతే పుట్టింది. ఎడ్వర్డ్ అన్నీ రాయించుకుని, అందరి చేతా సంతకాలు పెట్టించాడు. పనిచోటు నుంచి డంప్‌మన్‌ను తీసేయడం వల్లనే ప్రమాదం జరిగిందని, డ్రైవర్ తప్పు లేదని రాసుకున్నట్టు రాజకుమారికి వినిపించేలా చెప్పి లేచాడు.

బయటికి వస్తుంటే ఆమె లింగమూర్తి పక్కనే నడిచింది. దండం పెట్టలేదు. "ఆయన పడ్డ తెల్లారే చెప్పుంటె గిన్ని దినాలు నేను వాళ్ళ కాళ్ళమీద పడి తిరుగకపోదును గద మామా" అంది. లింగమూర్తి తల ఊపాడు. అందులో కాదనడానికి ఏమీ లేదు.

సాయంత్రానికి చౌరస్తాలో ఫ్లెక్సీ పోయింది. లింగమూర్తిని మర్నాటి నుంచి డ్యూటీకి రావద్దన్నారు. మళ్ళీ పిలుస్తామన్నారు కానీ ఎప్పుడన్నది చెప్పలేదు. సారవ్వ ఏడవలేదు, తిట్టలేదు. "గా ఎడ్వర్డ్ సార్‌ను అడుగరాదు, ఏమన్న జేస్తడేమో" అని మాత్రం అంది. చౌరస్తాలో ఆ ఇనుప చట్రానికి అప్పటికే ఒక కాలేజీ వాళ్ళు తమ టాపర్లను కట్టేశారు. వరుసలు వరుసలుగా పిల్లల ముఖాలు. అందరికీ ఒకటే నవ్వు.

మర్నాడు పొద్దున్నే అతను దవాఖానకు పోయాడు. రాజకుమారి మందుల కోసం కిందికి పోయిందట. కిషన్ గడ్డం గీయించుకున్నాడు. ముఖం కొంచెం తేరుకుంది.

"విన్నవా కొడుకా? నీ తప్పు లేదని రాసిండ్రు. ఖర్సు వాళ్ళే పెట్టుకుంటరు. కూసునే పని ఇయ్యాలని కూడ అన్నడు ఎడ్వర్డ్ సార్."

"రాజకుమారి చెప్పింది కాకా." కిషన్ దుప్పటి అంచు సర్దుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు."

"అడుగు."

"ఆ శనివారం నేను కొట్టిన ట్రిప్పులు లెక్కల వట్టిండ్రా? పడేటప్పటికే అందరికన్న పైనున్న. జైపాల్ నా ఎనకనే ఉండె. గవి లెక్కల వడితె నేను లెజెండే గద కాకా? బోర్డు మీద ఫోటో ఏసిండ్రా?"

లింగమూర్తి అతని ముఖంలోకి చూశాడు. హేళన లేదు. కళ్ళు నిజంగానే మెరుస్తున్నాయి, తిరునాళ్ళలో రంగులరాట్నం ఆగుతుంటే ఇంకో చుట్టు ఉంటుందా అని చూసేవాళ్ళ కళ్ళలాగా. చదునుగా పడి ఉన్న దుప్పటి వైపు అవి ఒక్కసారీ పోలేదు. తిట్టాలనిపించింది. లేపి కూర్చోబెట్టి ఒక్కటి పీకాలనిపించింది. ఆ రెండూ చెయ్యలేకపోయాడు.

"నాకు ఎరుక లేదురా" అన్నాడు.

"జైపాల్‌ను అడిగి చెప్తవా?"

మంచం కింద మూత్రం డబ్బా నిండి ఉంది. వాసన వస్తోంది. లింగమూర్తి వంగి, ఒలకకుండా రెండు చేతులతో దాన్ని పట్టుకుని, పారబోసి కడిగి తేవడానికి వరండా చివర్న ఉన్న మరుగుదొడ్డి వైపు నడిచాడు.